కారు అద్దానికి మతిమరుపు

వాన పడుతోంది. మీరు కారులో కూర్చున్నారు. తలుపుకున్న చిన్న మీటను పైకి లాగారు. అద్దం బుద్ధిగా పైకి వెళ్లింది. పై అంచున ఉన్న రబ్బరును తాకీ తాకగానే, ఏదో కరిచినట్టు గబగబా కిందికి దిగిపోయింది. మళ్లీ లాగారు. మళ్లీ అదే వరస. నిన్ననే కదా కొత్త స్విచ్చి వేయించింది! "కొత్తదీ పాడైపోయింది" అని నాన్నగారు విసుక్కుంటారు. నిజానికి స్విచ్చి లక్షణంగానే ఉంది. అద్దం తానెక్కడున్నదో మరచిపోయింది, అంతే.

అద్దానికి మరపేమిటి? అసలు దానికి జ్ఞాపకం ఎక్కడ ఏడ్చింది? చెబుతాను. కాని కాస్త మొదటినుంచీ రావాలి.

పాత అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని కార్లలో తలుపుకి ఒక చేతిపిడి ఉండేది. దాన్ని గిరగిర తిప్పితే అద్దం ఎక్కేది, దిగేది. చేతికి పని తప్పించాలన్న ఆలోచన మాత్రం చాలా పాతది. అమెరికాలో ప్యాకార్డ్ సంస్థ 1940లోనే తన ఖరీదైన కారులో ఆ ఏర్పాటు చేసింది. అందులో అద్దాన్ని కదిలించింది ద్రవపు ఒత్తిడి. ఆ తరవాత ఆ పని చిన్న విద్యుత్ మోటారుకు వచ్చింది. ఇప్పటి కార్లలో తలుపు లోపల, అట్ట వెనక దాగి ఉండేది అదే.

ఆ మోటారు ఇరుసు మీద మరమేకుకి ఉన్నట్టు చుట్లుంటాయి. ఆ చుట్లు ఒక పళ్లచక్రాన్ని తిప్పుతాయి. చక్రం ఒక తీగను లాగుతుంది, తీగ అద్దాన్ని లాగుతుంది. ఇందులో ఒక తమాషా ఉంది. మరచుట్లు చక్రాన్ని తిప్పగలవు గాని, చక్రం మరచుట్లను తిప్పలేదు. అందుకే మీరు రెండు అరచేతులూ ఆనించి అద్దాన్ని ఎంత కిందికి నొక్కినా అది దిగదు. దొంగకు కూడా దిగదు.

ఇక స్విచ్చి. బొమ్మకారు మోటారుకు బ్యాటరీ తగిలించి, తరవాత తీగలు తారుమారు చేసి చూశారా? మోటారు ఎదురు తిరుగుతుంది. కిటికీ స్విచ్చి చేసే పని సరిగ్గా ఇదే. పైకి లాగితే ఒక తీగకు 12 వోల్టులు ఇస్తుంది, కిందికి నొక్కితే రెండో తీగకు ఇస్తుంది. వదిలేస్తే? రెండు తీగలనూ కారు శరీరానికి, అంటే బ్యాటరీ ఋణధ్రువానికి కలిపేస్తుంది. ఊరికే వదిలేయకుండా ఇలా కలపడం ఎందుకు? ఆ బొమ్మ మోటారునే తీసుకుని, దాని రెండు తీగల కొసలూ ఒకదానికొకటి కలిపి ఇరుసును వేళ్లతో తిప్పండి. బిగువుగా తిరుగుతుంది. తిరుగుతున్న మోటారు జనరేటరుగా మారి, తాను పుట్టించిన ప్రవాహంతో తనకు తానే బ్రేకు వేసుకుంటుంది. కారు అద్దం టక్కున ఆగేది అందువల్లనే.

ఇంకో సంగతి. చాలా కార్లలో మిగతా తలుపుల మోటార్లకు వెళ్లే దారి డ్రైవరు దగ్గరి పెద్ద స్విచ్చి గుండానే పోతుంది. వెనక అద్దం కదలకపోతే తప్పు వెనక తలుపులోనే ఉండాలని లేదు. మంచి మెకానిక్కు ముందు డ్రైవరు స్విచ్చిని అనుమానిస్తాడు. తొందరపాటు మెకానిక్కు వెనక మోటారు మారుస్తాడు, మీ చేత డబ్బు కట్టిస్తాడు.

స్విచ్చి ఎందుకు చస్తుంది?

మోటారు ఆగే క్షణంలో స్విచ్చిలోని లోహపు ముక్కలు విడిపోతాయి. అప్పుడు ఒక చిన్న నిప్పురవ్వ లేస్తుంది. రోజుకు ఇరవైసార్లు, ఏళ్ల తరబడి. ముక్కలు మసిబారుతాయి, అరుగుతాయి. మసి ఉన్నచోట నిరోధం పెరుగుతుంది. 10 ఆంపియర్ల ప్రవాహానికి 0.2 ఓముల నిరోధం అడ్డు వచ్చిందనుకోండి. ప్రవాహపు వర్గాన్ని నిరోధంతో గుణించండి: 10 × 10 × 0.2 = 20 వాట్లు. రేడియోలు బాగుచేసేవారు వాడే చిన్న సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లది. దాదాపు అంత వేడి, అగ్గిపెట్టె కంటె చిన్నదైన ప్లాస్టిక్ పెట్టెలో!

ఇది కాగితం మీది లెక్క మాత్రమే కాదు. 2012 అక్టోబరులో టయోటా సంస్థ ప్రపంచవ్యాప్తంగా 74 లక్షలకు పైగా కార్లను వెనక్కి పిలిచింది. కారణం, డ్రైవరు తలుపు స్విచ్చిలో గ్రీజు అంతటా సమానంగా పూయకపోవడం. గ్రీజు సరిగా లేనిచోట స్విచ్చి బిగుసుకుపోయేది, కొన్నిటిలో పొగ కూడా వచ్చేది. బిగుసుకున్న స్విచ్చిలో ఏదో ఒక నూనె కొట్టుకుంటే కరిగి నిప్పంటుకునే ప్రమాదం ఉందని కూడా సంస్థ హెచ్చరించింది. ఇలాంటి గ్రీజు లోపానికే 2015 అక్టోబరులో మరో 65 లక్షల కార్లను పిలవవలసి వచ్చింది. గోటిమీదికి వచ్చేంత గ్రీజు! కాబట్టి ఇంట్లో కుట్టుమిషను నూనె ఉంది కదా అని స్విచ్చిలో రెండు చుక్కలు వేసే ఆలోచన పెట్టుకోకండి.

అద్దం లెక్కపెట్టుకుంటుంది

ఇప్పుడు మతిమరుపు దగ్గరికి వద్దాం. ఒక్కసారి లాగి వదిలితే చాలు, అద్దం పూర్తిగా తానే మూసుకునే కార్లున్నాయి. హాయిగానే ఉంటుంది. కాని ఆ సందులో ఒక పసివాడి మెడ ఉంటే? మోటారుకు కళ్లు లేవు. కిటికీలోంచి తల బయటపెట్టి, మోకాలితో తెలియక స్విచ్చి నొక్కి ప్రాణాలు పోగొట్టుకున్న పిల్లలున్నారు. అందుకే అమెరికాలో 2005లో చేసిన చట్టం, మూసే స్విచ్చి పైకి లాగితేనే పనిచేయాలని శాసించింది. మోకాలు నొక్కగలదు గాని లాగలేదు కదా! తానంతట తాను మూసుకునే అద్దానికి ఇంకో నియమం ఉంది. దారిలో ఏదైనా అడ్డు తగిలితే, దాని మీద 100 న్యూటన్ల బలం పడేలోపే అద్దం వెనక్కి దిగిపోవాలి. అంటే సుమారు పది లీటర్ల నీళ్ల బరువు. పై అంచుకూ అద్దానికీ మధ్య సందు 200 మిల్లీమీటర్లు ఉన్నప్పటినుంచి 4 మిల్లీమీటర్లు మిగిలేదాకా ఈ నియమం వర్తిస్తుంది.

అడ్డు తగిలిందని మోటారుకు ఎలా తెలుస్తుంది? ఇరుసు మీద చిన్న అయస్కాంతపు ఉంగరం ఉంటుంది. పక్కనే దాన్ని కనిపెట్టే గ్రాహకం. ఎడ్విన్ హాల్ 1879లో కనుక్కున్న ప్రభావం మీద అది పనిచేస్తుంది. ఇరుసు తిరిగేకొద్దీ గ్రాహకం 'టిక్కు, టిక్కు' మని సంకేతాలు పంపుతుంది. టిక్కుల మధ్య వ్యవధి పెరిగిందంటే మోటారు నెమ్మదించిందన్నమాట. ఏదో అడ్డొచ్చింది, వెనక్కి తిరుగు!

కాని పై అంచు రబ్బరులో దూరేటప్పుడు కూడా అద్దం నెమ్మదిస్తుంది. అక్కడ కూడా భయపడి దిగిపోతే కిటికీ ఎన్నటికీ మూసుకోదు. చివరి 4 మిల్లీమీటర్లు మాత్రం భయపడకుండా తొయ్యాలి. అంటే తానెక్కడుందో దానికి తెలియాలి. అందుకు టిక్కులు లెక్కపెట్టుకుంటుంది. లెక్క సులువు కోసం, అద్దం ప్రయాణం 400 మిల్లీమీటర్లనీ, అందుకు 800 టిక్కులనీ అనుకుందాం. 792 టిక్కుల దాకా జాగ్రత్త, చివరి ఎనిమిదికీ తెగింపు.

ఈ లెక్కను దాచుకునే చిన్న మెదడు కొన్ని కార్లలో మోటారు పక్కన, కొన్నిటిలో స్విచ్చి పెట్టెలోనే ఉంటుంది. స్విచ్చి మార్చడానికి ముందు బ్యాటరీ తీగ విప్పితే చాలా కార్లలో లెక్క చెరిగిపోతుంది. పెట్టెనే మారిస్తే, కొత్త మెదడుకు ఈ కిటికీ ఎంత పొడుగో అసలు తెలియదు. అప్పుడు కొన్ని కార్లు మీట పట్టుకున్నంతసేపే అద్దం కదుపుతాయి. కొన్నిటిలో స్విచ్చి మీది దీపం మిణుకుమిణుకుమంటుంది. లెక్క తప్పిన మరికొన్ని, మొదట చెప్పినట్టు, రబ్బరును చూసి పిల్లవాడి చెయ్యి అనుకుని దిగిపోతాయి. పాపం, వాటిది మంచి ఉద్దేశమే! లెక్కలు లేని మామూలు స్విచ్చికి మాత్రం ఈ బాధ లేదు. మార్చామా, అయిపోయింది.

మార్చే పని పెద్ద కష్టమేమీ కాదు. బ్యాటరీ ఋణధ్రువపు తీగ విప్పాలి. స్విచ్చి చుట్టూ ఉన్న పలకను ప్లాస్టిక్ బద్దతో నెమ్మదిగా పైకి లేపాలి. తీగల గుత్తిని దాని కొక్కెం నొక్కి ఊడదీయాలి, తీగలు పట్టుకుని లాగకూడదు. కొత్తది తగిలించి, పలక మూసేముందే ఒకసారి పరీక్షించాలి. పెద్దవాళ్లు చేస్తుంటే మీరు పక్కన ఉండి మరమేకులు పోకుండా చూడండి.

తరవాత అద్దానికి పాఠం చెప్పాలి. తలుపులన్నీ మూసి, తాళంచెవి తిప్పి, అద్దాన్ని పూర్తిగా దించాలి. మీటను వదలకుండా లాగిపట్టి పూర్తిగా ఎక్కించాలి. పైకి చేరాక కూడా కొన్ని క్షణాలు అలాగే పట్టుకోవాలి. ప్రవాహం వస్తూనే ఉంది, టిక్కులు మాత్రం ఆగిపోయాయి. ఇదే చివర అని మెదడు రాసుకుంటుంది. ఎన్ని క్షణాలు, ఎన్నిసార్లు అన్నది కారును బట్టి మారుతుంది. కారుతో వచ్చిన పుస్తకం చూడాలి. ఆ సమయంలో సందులో ఒక స్కేలు ఇరుక్కుని ఉంటే? దాని అడుగునే ఆకాశం అనుకునే ప్రమాదం ఉంది.

పాఠం పూర్తయ్యేదాకా ఆ అద్దానికి అడ్డును గుర్తించే తెలివి ఉంటుందని నమ్మకండి అనడం చాలదు, ఉండదనే అనుకోండి. ఎవరి వేలూ ఆ సందు దరిదాపులకు రాకూడదు. చాలా కార్లలో ఈ తెలివి డ్రైవరు కిటికీకే ఉంటుంది. వెనక కిటికీలకు ఉండదు. వెనక కూర్చునేది మాత్రం మీరూ, మీ తమ్ముడూ, చెల్లెలూ.

అద్దం పాఠం నేర్చుకున్నదో లేదో తెలుసుకోవడానికి చెయ్యి పెట్టి చూడకండి. వంటింట్లోంచి ఒక ముల్లంగి తెచ్చి, కొసన పట్టుకుని సందులోకి చాపమని పెద్దవాళ్లతో చెప్పండి. ముల్లంగిని తాకి అద్దం వెనక్కి దిగిందా, సరే. తెగిందా, ఆ సాయంత్రం సాంబారులోకి ముక్కలు తరిగే పని తప్పింది. కారు మాత్రం మర్నాడు మెకానిక్కు దగ్గరికి వెళ్లాలి.