పోటుకీ పాటుకీ నడుమ

కార్తికంలో, పొద్దు పొడిచే వేళ గౌతమి రంగు ఇదీ అని చెప్పడం కష్టం. శ్రావణంలో ఒడ్లు ఒరుసుకుంటూ ఉరికొచ్చిన ఎర్రటి వరద ఎప్పుడో కడలిలో కలిసిపోయింది. ఇప్పుడున్నది తేరుకున్న నీరు. యానాం రేవులో లేత పసరుగా కనిపించి, దిగువకు పోయేకొద్దీ చిక్కబడి, మడచెట్ల నీడ పడ్డ చోట ముదురు నెమలికంఠపు రంగుకు తిరుగుతుంది. త్ర్యంబకేశ్వరం కొండల్లో సన్నటి ధారగా పుట్టి 1465 కిలోమీటర్లు నడిచొచ్చిన గోదావరి, ఇక తొందరేముందన్నట్టు ఇక్కడ వెడల్పుగా, వెచ్చగా, బద్ధకంగా పరుచుకుని ఉంటుంది. పడవలో కూర్చున్నవాళ్లకీ ఆ బద్ధకం ఇట్టే అంటుకుంటుంది. ఇంజను ఆపించగలిగితే మరీ మంచిది.

అలా దిగువకు సాగిపోతే, నది కడలిలో కలవబోయే అంచున భైరవపాలెం. ఆకాశం ఎక్కువ, నేల తక్కువగా ఉన్న జాలరి పల్లె. నీలం, పసుపు, కుంకుమ రంగులు పూసిన నావలు ఒడ్డున ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి. వెదురు దండేల మీద ఆరేసిన వలల్లోంచి ఎండ చిన్న చిన్న గళ్లుగా రాలుతుంది. ఎండుచేపల ఘాటు, తడి తాళ్ల వాసన, బురద మీంచి లేచే ఉప్పటి ఆవిరి కలిసిన గాలి కాసేపు ముక్కును ఇబ్బంది పెడుతుంది. తర్వాత అది లేని గాలి చప్పగా అనిపిస్తుంది.

గడియారం ఇక్కడ పెద్దగా పనికిరాదు. రోజుకు రెండుసార్లు పోటు, రెండుసార్లు పాటు. ఇవాళ్టి పోటు కన్నా రేపటిది ముప్పావు గంటకు పైగా ఆలస్యం. అమావాస్యకీ పౌర్ణమికీ నీళ్లు మరింత పైకెక్కి, మరింత వెనక్కి తీస్తాయి. వలలు వేసేదీ తీసేదీ ఆ లెక్కనే. మేం చేరేసరికి పాటు తీసేసింది. పడవ నడిపే పెద్దాయన బీడీ ముట్టించి, "నీళ్లు లేవండి బాబూ. పోటు పెట్టాక ఎల్దామండి" అన్నాడు. ఆ మాట వినపడ్డప్పుడు విసుక్కునేవాళ్లు ఈ ఊరికి రాకపోవడమే నయం. అసలు వింత అప్పుడే మొదలవుతుంది.

నీరు జారిపోయిన కాలువ గట్టున నున్నటి, నల్లటి, వెండి మెరుపుల బురద. మొదట అందులో ఏమీ కనిపించదు. కన్ను కుదురుకునేసరికి బురదే కదులుతున్నట్టుంటుంది. వేలెడంత చేప ఒకటి నీళ్లొదిలి, రొమ్ము రెక్కల్ని చేతుల్లా ఆనించి, నేల మీద కుంటుకుంటూ నడిచొస్తుంది. బూడిద రంగు ఒంటి నిండా చల్లినట్టు మెరిసే నీలి చుక్కలు. నెత్తి మీద రెండు బుడిపె కళ్లు. ఎండకు అవి ఆరబోతున్నాయనిపించగానే లోపలికి లాక్కుని, తడిపి, మళ్లీ పైకి తెస్తుంది. చేపకు కన్నార్పడం వచ్చా అని నోరెళ్లబెట్టేలోపే ఇంకోసారి ఆర్పుతుంది! తల అటూ ఇటూ ఊపుతూ బురద మీది సన్నటి నాచు పొరను మేస్తుంది. చర్మం తడిగా ఉన్నంతసేపూ దానికి గాలితోనే గడుస్తుంది. అందుకే మధ్యమధ్య పక్కకు దొర్లి ఒళ్లంతా బురద పూసుకుంటుంది. అంతలో ఉన్నట్టుండి వీపు మీది రెక్క విసనకర్రలా విచ్చుకుంటుంది, నీలి చుక్కలన్నీ ఒక్కసారి వెలుగుతాయి, తోక మీద లేచి గాల్లోకి గెంతుతుంది. ఆడచేప కంటబడాలని మగచేప పడే పాటు అది. పడ్డచోట చిన్న చప్పుడు, బురదలో చిన్న గుంట, మళ్లీ గెంతు.

దాని పక్కనే పీతల సంత. మగపీతకు ఒక పక్క డెక్క చిన్నది, రెండో పక్క దాదాపు ఒంటంత బరువైనది, తెలుపూ నారింజా కలిసిన రంగు. ఆ పెద్ద డెక్కను ఎత్తి దించుతూ, ఎత్తి దించుతూ, వందల పీతలు ఒకేసారి ఎవరినో పిలుస్తుంటాయి. మేత ఏరుకున్నాక ఉమ్మేసిన మట్టి, ప్రతి కన్నం చుట్టూ ఆవగింజలంత ఉండలుగా పేరుకుంటుంది.

వెనక మడ అడవి నిలబడి ఉంటుంది. నల్లమడ వేళ్లు ఊపిరి కోసం బురదలోంచి నిటారుగా పైకి పొడుచుకొచ్చి ఉంటాయి. ఆకును నాలుకతో తాకితే ఉప్పగా తగులుతుంది. తాగిన నీటిలోని ఉప్పును చెట్టు అలా ఆకుల మీదికి నెట్టేస్తుంది. పొన్న గింజ కొమ్మ మీద ఉండగానే మొలకెత్తి, పొడవాటి ఆకుపచ్చ కాయలా వేలాడుతూ, నేల దొరికే ఘడియ కోసం ఎదురు చూస్తుంది. ఇంత సుకుమారమైన చోటు మీదే 1996 నవంబరు 6 రాత్రి తుఫాను విరుచుకుపడింది. వేటకెళ్లిన ఎందరో తిరిగి రాలేదు. ఇదే నెల, ఇదే నీరు. ఇవాళ దాని మీద గాలి ముడత కూడా లేదు.

గోదారి అనగానే మనవాళ్లు పులస దగ్గరే ఆగిపోతారు. నిజమే, వరద తీపి తగలగానే సముద్రం విడిచి, ధవళేశ్వరం ఆనకట్ట దాకా ఎదురీదే ఆ వెండి చేప గొప్పదే. దాని ధర వల్లనే దాని కథ పెరిగిందని నా అనుమానం. కాసు ఖరీదు లేని బురద చేపకు ఒక సామెతైనా లేదు పాపం.

పోటు వచ్చింది. ముందుగా తెలిసింది పీతలకే. బురద ముద్దతో కన్నాలు మూసేసుకున్నాయి. కాలువలోకి నురగ అంచుతో, గుసగుసగా, వేలి మందాన నీరు పాకింది. నీలి చుక్కలు ఒక్కొక్కటే మాయమయ్యాయి. పడవ అడుగు తేలింది. ఇక అసలు తమాషా చూడండి. నది వెనక్కి నడుస్తోంది! గుర్రపుడెక్క మొక్కలు, ఎండుటాకులు, ఒక కొబ్బరి చిప్ప సముద్రం వైపు నుంచి ఊరి వైపు బారులు తీరాయి. వాటితో పాటే మా పడవా. ఎర్రటి ఒళ్లూ తెల్లటి తలా ఉన్న గరుడపక్షి ఒకటి మా మీదుగా ఒక చుట్టు తిరిగి, మడచెట్ల మీదికి వాలింది.

యానాం ఒడ్డున మోకాలి లోతు నీళ్లలో ఇద్దరు పాత చీరను అటు కొసా ఇటు కొసా పట్టుకుని ముంచి ఎత్తుతున్నారు. తూర్పుగాలి తిరిగాక వచ్చే చీరమేను అది. నూలుపోగంత చేపపిల్లలు, గాజులా లోపలంతా కనిపించే ఒళ్లు, కంటికి ఆనేవి రెండు నల్లటి కళ్లే. బేసిన్‌లో పోస్తే వేల కళ్లు ఒక్కసారి కదిలాయి. పక్కన కూర్చున్నావిడ తవ్వతో కొలుస్తూ ధర చెప్పింది. కొనేవాళ్లు గుండెలు బాదుకున్నారు. అయినా ఎవరూ చోటు వదల్లేదు.