టెంప్లేట్‌లో ఇంట్ పెట్టకూడదని ఎవరు చెప్పారు?

పెద్దదోర్నాల, యర్రగొండపాలెం నుంచి మార్కాపురం వచ్చి బీటెక్ చదివే పిల్లల ల్యాబ్ రికార్డులు చూస్తే బాధేస్తుంది. స్టాక్ టెంప్లేట్‌లో నాలుగు అంకెలు దాచడానికి ముందు ఇంట్ చుట్టూ ఒక క్లాస్ కడుతున్నారు. దానికో కన్‌స్ట్రక్టర్, కూడికకూ పోలికకూ ఆపరేటర్ ఓవర్‌లోడింగ్. ఎందుకని అడిగితే జిరాక్స్ నోట్సు చూపిస్తారు: ‘టెంప్లేట్ బిల్ట్ ఇన్ టైపులను తీసుకోదు.’ ఇదే మాట ఇంటర్వ్యూలో చెప్తే ఉద్యోగం అక్కడితో పోతుంది.

సీ ప్లస్ ప్లస్‌లో ఇది పూర్తిగా తప్పు. వెక్టర్‌కు ఇంట్ ఇవ్వండి, డబుల్ ఇవ్వండి, క్యారెక్టర్ ఇవ్వండి, పనిచేస్తుంది. మీరిచ్చిన ప్రతి టైపుకూ కంపైలర్ విడిగా కోడ్ తయారుచేస్తుంది. వెక్టర్‌లో ఇంట్‌లు మెమరీలో పక్కపక్కనే కూర్చుంటాయి. వాటికి ఏ తొడుగూ అక్కర్లేదు.

అపోహకు ఒక మూలం ‘క్లాస్ టి’ అన్న రాత. కొత్త కీవర్డ్ ఎందుకని సీ ప్లస్ ప్లస్ రూపకర్త బ్యార్నె స్ట్రౌస్ట్రప్ అప్పటికే ఉన్న ‘క్లాస్’నే ఇక్కడా వాడారు. ‘టైప్‌నేమ్’ తర్వాత వచ్చింది. టర్బో సీ ప్లస్ ప్లస్ 3.0కు ఆ మాటే తెలియదు, దాని మీద నేర్చుకున్నవాళ్లకు ‘క్లాస్’ ఒక్కటే కనిపిస్తుంది. టెంప్లేట్ పరామితి ముందు ఆ రెండింటికీ తేడా లేదు.

రెండో మూలం జావా. 2004లో జావా 5తో వచ్చిన జెనెరిక్స్ నిజంగానే ఇంట్‌ను ఒప్పుకోవు. కంపైలయ్యాక టైపు వివరం చెరిగిపోయి మామూలుగా ఆబ్జెక్ట్ మిగులుతుంది, ఇంట్ ఆబ్జెక్ట్ కాదు. అందుకే అక్కడ ఇంటీజర్ వాడాలి. అదీ జాగ్రత్తగా వాడాలి: రెండు జాబితాల్లోంచి 127, 127 తీసి రెండు ఈక్వల్ గుర్తులతో పోలిస్తే సమానమంటుంది. 128, 128కి మామూలుగా కాదంటుంది. చిన్న విలువల ఆబ్జెక్ట్‌లను జావా దాచి మళ్లీ వాడుతుంది కాబట్టి ఇలా జరుగుతుంది. ఈక్వల్స్ మెథడ్ వాడండి. ఒక భాషకున్న ఈ పరిమితిని మరో భాషకు అంటగట్టి పిల్లలకు నేర్పడం అన్యాయం.

‘టెంప్లేట్‌కు డబుల్ ఇవ్వకూడదు’ అన్న మాటలో మాత్రం కొంత నిజముందని ఒప్పుకోవాలి. టైపుగా డబుల్ ఎప్పుడూ చెల్లింది. కానీ 3.14 లాంటి విలువనే పరామితిగా ఇవ్వడం సీ ప్లస్ ప్లస్ 20 వచ్చేదాకా కుదరలేదు, సంఖ్యల్లో పూర్ణాంకాలకే ఆ వీలుండేది. కోట్స్‌లో రాసిన స్ట్రింగ్‌ను నేరుగా ఇవ్వడం అప్పటికీ కుదరలేదు.

టెంప్లేట్ వల్ల ప్రోగ్రామ్ నెమ్మదిస్తుందన్నది వట్టి మాట, ఆలస్యమయ్యేది కంపైల్ కావడమే. మ్యాక్స్ ఫంక్షన్ టెంప్లేట్‌కు 3, 4.5 ఇస్తే ఎర్రర్ వచ్చేది ఇంట్ పనికిరాక కాదు, టి ఇంటా డబులా అన్నది తేలక. డబుల్ అని మీరే చెప్పండి.

చూసుకోవాల్సినవి వేరే ఉన్నాయి. ఇంట్‌కు మెంబర్లు ఉండవు కాబట్టి టెంప్లేట్ లోపల దాని మీద సైజ్ పిలిచినా, టి నుంచి ఇన్‌హెరిట్ చేసినా కంపైల్ కాదు. ఫంక్షన్‌లో ‘టి ఎక్స్’ అని ఊరికే వదిలేస్తే ఇంట్‌లో చెత్త విలువ ఉంటుంది. పక్కన ఖాళీ ఫ్లవర్ బ్రాకెట్లు పెడితే సున్నా వస్తుంది. నోట్సులో ఏముందో బట్టీ పట్టేముందు ఫోన్‌లోనే ఏదో ఒక ఆన్‌లైన్ కంపైలర్ తెరిచి వెక్టర్‌కు ఇంట్ ఇచ్చి చూడండి.