మోగ్లీ ఏరు కాళేశ్వరం దాకా

ముందు నది సంగతి చెప్పుకోవాలి.

'జంగిల్ బుక్'లో షేర్‌ఖాన్ అనే పులి ఉండే తావు వైన్‌గంగ ఒడ్డు. అది రచయిత కిప్లింగ్ కల్పించిన పేరని చాలా ఏళ్లు అనుకున్నాను. నిజంగా ఉన్న నదే. మధ్యప్రదేశ్‌లోని సివనీ జిల్లాలో పుట్టి, బాలాఘాట్, భండారా, గడ్చిరోలి మీదుగా దక్షిణానికి దిగి, మన కౌటాల మండలం తుమ్మిడిహెట్టి దగ్గర వార్ధాతో కలుస్తుంది. ఆ రెండూ కలిసిన నీళ్లకే ప్రాణహిత అని పేరు. అక్కణ్ణుంచి 113 కిలోమీటర్లు పారుతుంది. ఈ గట్టు మన తెలంగాణది, ఆ గట్టు మహారాష్ట్రది. చివరికి కాళేశ్వరంలో గోదావరిలో కలుస్తుంది. 2016 అక్టోబరులో జిల్లాలు విడిపోయేదాకా కాళేశ్వరం కరీంనగర్ జిల్లా ఊరే. అంటే ఆ కథలో తోడేళ్ల మధ్య పెరిగిన మోగ్లీ ఈదిన ఏటి నీళ్లు పాత ఆదిలాబాద్ జిల్లా పక్కనుంచి వచ్చి పాత కరీంనగర్ గడ్డ మీద గోదారమ్మ ఒడిలో చేరుతున్నాయి. 2022 ఏప్రిల్‌లో ప్రాణహిత పుష్కరాలకు అర్జునగుట్ట దగ్గర, తుమ్మిడిహెట్టి దగ్గర, కాళేశ్వరంలో మునిగిన లక్షలమంది ఆ నీళ్లలోనే మునిగారు.

ఈ మాట తెలిసిన రోజు నాకు కలిగిన ఆనందం ఇంతా అంతా కాదు. ఎందుకంటే మా తరానికి మోగ్లీ పుస్తకంలో పిల్లాడు కాడు, ఆదివారం పిల్లాడు.

ఆదివారం పొద్దున

జగిత్యాలలో మా వాడకట్టులో టీవీ ఉన్నది ఒక పెద్దమ్మ ఇంట్లో. బ్లాక్ అండ్ వైట్ పెట్టె. దానికి రెండు పక్కలా తెరుచుకునే చెక్క తలుపులు. ఆదివారం పొద్దున తలస్నానం కానిచ్చి, తడి తలతోనే ఉరికేవాళ్లం. గాలి వీస్తే బొమ్మ పోయి తెర నిండా చుక్కలు వచ్చేవి. ఒక అన్న మిద్దె ఎక్కి యాంటెన్నా తిప్పేవాడు. కింద వాకిట్లో ఒకడు, కిటికీ దగ్గర ఒకడు నిలబడి 'వచ్చింది... వచ్చింది... పోయింది' అని మాట అందించేవాళ్లు. బొమ్మ నిలిచేసరికి పాట సగం అయిపోయేది. ఆ సగం పాట కోసమే కొందరు వచ్చేవాళ్లు. బగీరా అనే చిరుత నల్లగా ఉంటుందని మాకు తెలుసు, మిగతా అడవి రంగులు మాత్రం చాలా ఏళ్ల తర్వాతే చూశాం.

మేం చూసింది 1993 ప్రాంతాల్లో దూరదర్శన్ హిందీలో వేసిన సీరియల్. అది జపాన్‌లో తయారైంది. నిప్పన్ యానిమేషన్ అనే సంస్థ, ఫుమియో కురోకావా అనే దర్శకుడు. జపాన్ భాషలో పేరు 'జంగురు బుక్కు షోనెన్ మోగురి'. షోనెన్ అంటే బాలుడు. టీవీ టోక్యోలో 1989 అక్టోబరు 2న మొదలై 1990 అక్టోబరు 29న ముగిసింది. మొత్తం 52 ఎపిసోడ్లు. అక్కడ అది సోమవారం కార్యక్రమం. మనకు ఆదివారం అయింది. ఇంగ్లిష్‌లో 'ది అడ్వెంచర్స్ ఆఫ్ మోగ్లీ' పేరుతో చాలా దేశాలు తిరిగింది.

హిందీ పాట రాసింది గుల్జార్, బాణీ కట్టింది విశాల్ భరద్వాజ్. జపాన్ సీరియల్‌కు దాని పాట దానికి వేరే ఉంది. మనం పాడుకున్నది మాత్రం మన దేశంలో, మన పిల్లల కోసం పుట్టిన పాట. షేర్‌ఖాన్‌కు గొంతు ఇచ్చింది నానా పాటేకర్. 2016లో డిస్నీ కొత్త 'జంగిల్ బుక్' తెచ్చినప్పుడు హిందీలో షేర్‌ఖాన్ గొంతు మళ్లీ ఆయనదే. ఇరవై ఏళ్లు దాటినా జనం ఆ గొంతు మరవలేదు. 2020 లాక్‌డౌన్‌లో ఏప్రిల్ 8 నుంచి దూరదర్శన్ ఆ పాత సీరియల్‌నే రోజూ మధ్యాహ్నం ఒంటిగంటకు మళ్లీ వేసింది. అప్పుడు చూసిన పిల్లల పక్కన, పాట రాగానే పనులు ఆపి వచ్చి కూర్చున్న అమ్మానాన్నలు చాలామంది.

పేర్లు చుట్టి వచ్చిన దారి

మాకు హిందీ అంతంతమాత్రం. అయినా ఇబ్బంది లేదు. కరీంనగర్ గల్లీల్లో, ఆదిలాబాద్ బజార్లలో ఉర్దూ చెవిన పడనిదెప్పుడు? కథలోని పేర్లే చూడండి, భాలూ అంటే ఎలుగు, షేర్ అంటే పులి, హాథీ అంటే ఏనుగు. కిప్లింగ్ కూడా వీటిని ఇక్కడి హిందుస్తానీ నుంచే తీసుకున్నాడు. అలా మన మాటలు 1894లో ఇంగ్లిష్ పుస్తకంలోకి ఎక్కి, జపాన్ వెళ్లి, మళ్లీ హిందీలోకి దిగి జగిత్యాల వాకిట్లో మాకు వినబడ్డాయి.

మోగ్లీ మాటకు మాత్రం అలాంటి మూలం లేదు. కథలో 'కప్ప' అని చెప్పినా, అది తను కల్పించిన పేరేనని కిప్లింగే ఒప్పుకున్నాడు. పలకాల్సిన తీరు కూడా చెప్పాడు. మొదటి అక్షరం ఇంగ్లిష్‌లో 'ఆవు'ను పిలిచే 'కౌ' లాగా ఉండాలట. ఆ లెక్కన మౌగ్లీ అనాలి. జపాన్ వాళ్లు మోగురి అన్నారు. మనకు మోగ్లీ నిలిచిపోయింది.

ఇంకో విశేషం. ఆయన ఈ కథలు రాసింది అమెరికాలో, వెర్మాంట్ రాష్ట్రంలో, చలి దేశంలో కూర్చుని. కథ జరిగే సివనీ అడవిని ఆయన చూడలేదు. స్టెర్న్‌డేల్ అనే అధికారి 1877లో సివనీ అడవుల మీద, 1884లో జంతువుల మీద రాసిన పుస్తకాలు ఆయనకు ఆధారం.

ఎనిమిది కథలు, 52 వారాలు

రెండు 'జంగిల్ బుక్'లు కలిపి చూస్తే మోగ్లీ కథలు ఎనిమిదే. మొదటి దాంట్లో మూడు, 1895లో వచ్చిన రెండో దాంట్లో ఐదు. ఏడాదికి సరిపడా ఎపిసోడ్లు కావాలంటే గోరంతను కొండంత చేయాల్సిందే. అందుకే జపాన్ వాళ్లు కొత్త పాత్రలు కల్పించారు. కిచీ గుర్తుందా? తల్లిదండ్రులు లేని చిన్న జంతువు, మోగ్లీ వెంట తిరిగేది. అది రెడ్ పాండా. నిజానికి రెడ్ పాండా తూర్పు హిమాలయాల జంతువు, సివనీ అడవుల్లో ఉండదు. మోగ్లీ చేతిలోని బూమరాంగ్ కూడా జపాన్ వాళ్లు ఇచ్చిందే, పుస్తకంలో అతని ఆయుధం కత్తి. తల్లి తోడేలు పుస్తకంలో రక్ష, సీరియల్‌లో లూరీ. తండ్రి తోడేలుకు అలెగ్జాండర్ అని పేరు పెట్టారు.

మార్చకుండా ఉంచినందుకు నాకు నచ్చింది మాత్రం కా. 1967 డిస్నీ సినిమా ఆ కొండచిలువను శత్రువును చేసింది. పుస్తకంలో కా కోతుల చెర నుంచి మోగ్లీని విడిపించిన పెద్దమనిషి. సీరియల్ ఆ గౌరవం నిలబెట్టింది.

గొంతుల లెక్క

జపాన్‌లో మోగ్లీకి గొంతు ఇచ్చింది ఉరారా తకానో అనే మహిళ. యానిమేషన్‌లో మగపిల్లల పాత్రలకు ఆడవాళ్లు చెప్పడం పాత పద్ధతి. పిల్లాడి గొంతు ఏడాది రెండేళ్లలో పగిలిపోతుంది, ఆమె గొంతు అలాగే ఉంటుంది. జపాన్ జంతు సీరియళ్లకు తాతలాంటిది ఒసాము తెజుకా తీసిన తెల్ల సింహం కథ, 'జంగురు తైతేయి'. 1965 అక్టోబరు 6న మొదలైంది, రంగుల్లో, అదీ 52 ఎపిసోడ్లే. దాన్ని అమెరికాలో ఫ్రెడ్ లాడ్ ఇంగ్లిష్ చేయించినప్పుడు సింహం పిల్లకు గొంతు బిల్లీ లూ వాట్ అనే నటిది. జపాన్‌లో లియో అయిన ఆ పిల్ల ఇంగ్లిష్‌లో కింబా అయింది. ఏ ఎపిసోడ్ ముందు వేసినా ఏది వెనక వేసినా కథ అర్థం కావాలని అమెరికా వాళ్లు షరతు పెట్టారు. సీరియల్ అంటే వరస అనుకునే మనకు ఇది వింతే.

1994లో 'లయన్ కింగ్' వచ్చినప్పుడు కింబా పోలికలున్నాయని పెద్ద చర్చ నడిచింది. ఆ 'లయన్ కింగ్' 2019లో కొత్తగా వచ్చేసరికి తెలుగులో సింబాకు నాని, స్కార్‌కు జగపతిబాబు, పుంబాకు బ్రహ్మానందం, టిమోన్‌కు అలీ మాట్లాడారు. 2024లో ముఫాసా గొంతు మహేశ్‌బాబుది. ఇప్పటి పిల్లలు అదృష్టవంతులు, సింహం వాళ్ల భాషలోనే గర్జిస్తోంది.

డబ్బింగ్ దగ్గర నాకు ఎప్పుడూ తోచే మాట ఒకటుంది. తెలుగు అజంత భాష. మాటలు అచ్చుతో ముగుస్తాయి. జపాన్ భాషలోనూ దాదాపు అంతే. మాట చివర నోరు ఎలా తెరుచుకుని ఆగుతుందో రెండింటికీ ఒకే తీరు. అందుకే జపాన్ బొమ్మల పెదాల మీద తెలుగు బాగా అతుకుతుందని నా నమ్మకం.

దక్కన్ నుంచి వచ్చిన రేచుకుక్కలు

రెండో పుస్తకంలో అన్నిటికన్నా భయం పుట్టించే కథ 'రెడ్ డాగ్'. ఎర్ర అడవికుక్కల దండు సివనీ మీద పడుతుంది. పులి కూడా తన వేటను వదిలేసుకునే దండు. ఎక్కణ్ణుంచి వచ్చాయి అవి? దక్కన్ నుంచి అంటాడు కిప్లింగ్. సివనీకి దక్షిణాన దక్కన్ అంటే మన వైపే కదా. మనం రేచుకుక్కలు అంటాం. కవ్వాల్ అడవిలో ఇప్పటికీ ఉన్నాయి. అవి కుక్కల్లా మొరగవు, ఈల వేసినట్టు ఒకదాన్నొకటి పిలుచుకుంటాయి. కథలో మోగ్లీ వాటిని వైన్‌గంగ లోయలో రాళ్లకు పట్టిన పెద్ద పెర తేనెటీగల మీదికి రప్పించి గెలుస్తాడు.

ఇక భాలూ. మన తెలంగాణలో గుడ్డెలుగు అంటాం. ఎలుగుకు ఇప్పపువ్వంటే ప్రాణం. కిప్లింగ్ కథలోనూ కరువొచ్చిన ఏడు ఇప్పచెట్టు పూయలేదని, భాలూకు అది ఎంతో ఇష్టమని ఉంటుంది. ఉట్నూరు, ఇంద్రవెల్లి వైపు ఎండాకాలం మొదట్లో తెల్లవారుజామున వెళ్తే ఆ పువ్వు చూడొచ్చు. చెట్టు మీద కోయరు. రాత్రి రాలిన పువ్వును పొద్దెక్కకముందే ఏరతారు. చెట్టు కింద ముందే చెత్త ఊడ్చి నేల శుభ్రం చేసి ఉంచుతారు. మీగడ రంగు, కొంచెం మెత్తగా, చేతికి జిగురు అంటేటట్టు, ఘాటైన తీపి వాసన. ఎండబెడితే ముడుచుకుని కిస్మిస్ లాగా ఎర్రబారుతుంది. ఉట్నూరు ఆదివాసీ మహిళలు దాంతో లడ్డూలు చేసి అమ్ముతున్నారు. దొరికితే తప్పక తినండి, నెత్తురు పట్టే తిండి అంటారు.

ఆ ఇప్పచెట్టును పూజించే గోండులు కూడా కిప్లింగ్ కథలో ఉన్నారు. అడవి ఊరి మీద పడ్డ కథలో, దిక్కుతోచని ఊరివాళ్లు గోండు పెద్దను పిలిపిస్తారు. ఆయన ఏమీ మాట్లాడడు. అడవి కాకర తీగ ఒకటి తెంపి గుడి వాకిలికి అడ్డంగా కట్టి, మీరు వెళ్లాల్సిన దారి అదీ అన్నట్టు చెయ్యి చూపించి వెళ్లిపోతాడు. గోండులను ఆ నేల తొలి హక్కుదారులని రాశాడు కిప్లింగ్. మొత్తం పుస్తకంలో నేను చాలాసార్లు చదివిన పుట అది. కేస్లాపూర్‌లో నాగోబా దేవుడికి గోదావరి నీళ్లు తేవడానికి మెస్రం వంశపు గోండులు చెప్పుల్లేకుండా జన్నారం మండలంలోని హస్తినమడుగు దాకా నడుస్తారని తెలిసినవాళ్లకు, ఆ గోండు పెద్ద మౌనం అర్థమవుతుంది.

షేర్‌ఖాన్ బంధువులు

జన్నారం చుట్టూ ఉన్న కవ్వాల్ 2012లో టైగర్ రిజర్వు అయింది. కోర్, బఫర్ కలిపి 2,015 చదరపు కిలోమీటర్లు. అక్కడికీ, కాగజ్‌నగర్ అడవులకూ పులులు మహారాష్ట్రలోని తాడోబా, తిప్పేశ్వర్ నుంచి వస్తుంటాయి. మధ్యలో పెన్‌గంగ, వార్ధా, ప్రాణహిత అడ్డున్నా ఆగవు. పులికి ఈత బాగా వచ్చు. గోండీలోనూ దాన్ని పులి అన్నట్టే పిలుస్తారు, మన మాటకు తోబుట్టువు. మోగ్లీ పేరు చెప్పి పర్యాటకులను పిలిచే పెంచ్ రిజర్వులోని పెంచ్ నది కూడా కన్హాన్‌లో, కన్హాన్ వైన్‌గంగలో కలిసి చివరికి మన ప్రాణహితకే చేరుతుంది.

ఆదిలాబాద్ ఆకాశవాణి గోండీలో కార్యక్రమాలు ఇస్తోంది. ఈ ఎనిమిది కథలను గోండీలో, గోండు పిల్లల గొంతుతో ఎవరైనా రికార్డు చేయాలి. కథ జరిగిన అడవి మాట అది.

మీ పిల్లలకు మోగ్లీ అంటే ఇష్టమైతే ఒక చలికాలం ఆదివారం కౌటాల మీదుగా తుమ్మిడిహెట్టికి తీసుకెళ్లండి. అక్కడ రెండు నదులు కలిసి ప్రాణహిత అవుతాయి. మన ఒడ్డును ఆనుకుని వచ్చేది వార్ధా. ఆవలి వైపు నుంచి వచ్చేది వైన్‌గంగ.