పందెములకు పేరులైన యూళ్లు

లెమాన్ అను మాట వినినంతనే మోటారు పందెముల నెఱిగినవారికి ఫ్రాన్సుదేశమందలి ఆ నగరముగాని, అందలి మధ్యయుగముల నాటి మహాదేవాలయముగాని స్ఫురింపదు. ఇరువదినాలుగు గంటలు ఎడతెగక సాగు కార్ల పందెమే స్ఫురించును. డకార్, మారథాన్, బోస్టన్ అను పేళ్లును ఇట్టివే. ఇవి యన్నియు వేగముతోపాటు ఓర్పును పరీక్షించు దీర్ఘమైన పందెములు. వీనికి ఊరిపేరే పేరగుట క్రీడాచరిత్రకారునికి స్వల్పవిషయము కావచ్చును గాని, శబ్దార్థవిచారము చేయువారికి ఉపేక్షింపదగినది కాదు.

నూఱు మీటర్ల పరుగు ఏ దేశమున పరుగెత్తినను ఒక్కటే. నేలను చదునుచేసి, గీతలు గీసి, స్థలభేదమును వీలైనంత తొలగించుటయే దాని పద్ధతి. కనుక కొలతయే దానికి పేరైనది. దీర్ఘపందెమున మెట్ట, మలుపు, ఇసుక, ఎండ, రాత్రిచీకటి యన్నియు పందెగానికి ప్రత్యర్థులే. అందుచేత స్థలమునకును పందెమునకును విడదీయరాని సంబంధము మొదటినుండియు కలదు.

ఆలంకారికులు లక్షణకు చెప్పిన మూడు హేతువులలో ఇట్టి సంబంధ మొకటి. ముఖ్యార్థమునకు బాధ కలుగుట మఱియొకటి. రూఢిగాని ప్రయోజనముగాని యుండుట మూడవది. గంగలో గొల్లపల్లె యున్నదనునపుడు తీరమను నర్థము వచ్చును. ఆ పల్లె చల్లదనము, పావనత్వము తోచుట అందలి ప్రయోజనము. రూఢికి విశ్వనాథుడు సాహిత్యదర్పణమున కళింగమును సాహసముగలదిగా చెప్పు వాక్యము నుదాహరించెను. అచట దేశనామము దేశవాసులను తెలుపుచున్నది. 'గద్వాల కట్టుకొన్నది' అని మనమనునపుడు చీర యను నర్థము కలుగుటయు ఈ కోవలోనిదే. రూఢిని, ప్రయోజనమును రెండు వేఱు జాతులుగా పాఠము చెప్పుట పరిపాటి. అవి ఒకే పదమునకుగల రెండు వయస్సులని నాకు తోచుచున్నది. సామాన్యపదముల విషయమున ఈ వయోభేదమునకు తేదీలు దొరకుట కష్టము. పందెముల పేళ్లకు అవి దొరకును.

లెమాన్ పందెము 1923 మే నెలలో మొదలైనది. నేటికిని ఆ యూరిచెంతనే, ఒక్కొక్క చుట్టు సుమారు 13.6 కిలోమీటర్లుగల మార్గముననే జరుగుచున్నది. 1955లో ఒక కారు జనసమూహముపై బడి ఎనుబదిమందికి పైగా ప్రేక్షకులు మరణించిరి. ఆ విషాదమును గూడ ఈ పేరు మోయుచున్నది. 'లెమాన్ గెలిచెను' అనునపుడు రాత్రియంతయు నిలిచి గెలిచెనను గౌరవము ధ్వనించును. అనగా ప్రయోజనమింకను సజీవము. అయినను పేరు కొంత కదలినది. పూర్వము అచట నడుపువారు బాటకడ్డముగా పరుగెత్తి, ఆవలిప్రక్క నిలిపిన కార్లనెక్కి బయలుదేరెడివారు. ఆ తొందరలో నడుముపట్టీ సరిగా కట్టుకొనుటకు వీలులేదని జాకీ ఇక్స్ 1969లో నిరసనగా నింపాదిగా నడచిపోయి, అందఱికంటె వెనుక బయలుదేరి, కడకు పందెమునే గెలిచెను. మఱుసటి యేటికి ఆ ఆచారము పోయినది గాని, అట్లు ఆరంభించుటను ఎచట జరిగినను 'లెమాన్ ఆరంభము' అనుట నిలిచినది. 1999 మొదలు 2013 వఱకు అమెరికాలో నడచిన పందెముల వరుసకు సైతము లెమాన్ పేరే పెట్టిరి.

డకార్ చరిత్ర ఇంకను విచిత్రము. థియెరీ సబీన్ అను ఫ్రెంచివాడు 1977లో లిబియా యెడారిలో దారితప్పి, ప్రాణములతో బయటపడి, ఆ యిసుకలోనికి ఇతరులను గూడ తీసికొనిపోవలెనని సంకల్పించెను. 1978 డిసెంబరు 26న పారిసునుండి బయలుదేరిన తొలి పందెము మఱుసటి జనవరిలో సెనెగల్ రాజధాని డకారు చేరెను. 2008లో మారిటేనియాలోని భద్రతాభయముచే పందెము రద్దయ్యెను. 2009 నుండి 2019 వఱకు దక్షిణ అమెరికాలో జరిగి, 2020లో సౌదీ అరేబియా చేరెను. పేరు మాత్రము డకారే! ఇట్టి పేళ్లు లక్షణలు కావనియు, 'పారిస్-డకార్ పందెము' వంటి నిండుపేళ్లకు సంక్షేపములు మాత్రమేననియు కొందఱనవచ్చును. సంక్షేపమైనచో నిండుపేరు చెప్పినను అర్థము చెడరాదు. సౌదీ యిసుకలో జరుగు పందెమును పారిస్-డకార్ అనిన అది యసత్యమగును. డకార్ అనిన సత్యమే. సంబంధము తెగినను పేరు చెల్లుచున్నదనగా ప్రయోజనము రూఢిగా మాఱినదన్నమాట. ఆ మార్పు ముప్పదియేండ్లలో, మన కన్నుల యెదుట జరిగినది.

మారథాన్ వీని కన్నింటికి పెద్దది. ఆ గ్రీకుపదమునకు మూలార్థము సోపుమొక్క. మన చింతలపూడి వలె మొక్కనుబట్టి వచ్చిన యూరిపేరది. క్రీ. పూ. 490లో అచట పారసీకులతో యుద్ధము జరిగెను. హెరొడోటసు చెప్పిన ఫీడిప్పిడీసు యుద్ధమునకు ముందు సహాయము కోరుటకై ఏథెన్సునుండి స్పార్టాకు పరుగెత్తినవాడు. విజయవార్త తెచ్చి ప్రాణములు విడిచిన దూత కథ శతాబ్దముల తరువాతి ప్లూటార్కు, లూషియనుల రచనలలోనిది. ఈ రెండవకథ ననుసరించి ఒలింపిక్కు క్రీడలలో పరుగుపందెము పెట్టవలెనని కూబెర్తిన్‌కు సూచించి, వెండికప్పు నిచ్చినవాడు మిషెల్ బ్రెయాల్. 'సెమాంటిక్' అను పేరు పెట్టి అర్థవిచారమునొక శాస్త్రముగా నిలిపిన భాషావేత్త యితడే! అతని ప్రసిద్ధగ్రంథము 1897లో వెలువడినది; పరుగు 1896లోనే జరిగినది. గెలిచినవాడు స్పిరిడాన్ లూయీ అను గ్రీకువాడు. పదముల యర్థములెట్లు మాఱునో పరిశీలించిన పండితుడే ఒక పదమునకు క్రొత్త యర్థము కల్పించుట శాస్త్రచరిత్రలో అరుదు.

ఆ తొలిపరుగు దూరము సుమారు 40 కిలోమీటర్లు. 1908లో లండనున పరుగెత్తిన 42.195 కిలోమీటర్లనే 1921లో నియతప్రమాణముగా స్థిరపఱచిరి. నాటినుండి ఊరిపేరు కొలతపేరైనది. 'అర మారథాను' అనుటకు ఎవరును సంకోచింపరు. ఊరిలో సగమెట్లని యడుగువారు లేరు. కొలతయు పోయి నిడివి మాత్రమే మిగిలిన ప్రయోగము మన పత్రికలలోని 'మారథాన్ చర్చలు'. ఆంగ్లమున పదమును విఱిచి, 'థాన్' అను తునుకను ప్రత్యయముగా చేసి, 'వాకథాన్', 'టెలిథాన్' అని కల్పించిరి. గ్రీకున ఆ తునుకకు అట్టి యర్థమే లేదు.

1897లో ఆరంభమైన బోస్టన్ మారథానును పరుగువారు 'బోస్టన్' అనియే యందురు. 'బోస్టన్‌కు అర్హత సంపాదించితిని' అనువాడు ఆ నగరమునకు ప్రయాణమగుటను గూర్చి చెప్పుటలేదు. మొదటి యూరిపేరు సామాన్యనామమై, కొలతయై, పలుకనవసరము లేనిదై జారిపోగా, ఆ చోట రెండవ యూరిపేరు నిలిచినది. మన హైదరాబాదు మారథాను విషయమున మాత్రము ఇంకను రెండుమాటలును పలుకవలసియే యున్నది.