తాతగారి చదరంగం, మనుమడి చదరంగం



చదరంగం నేర్చుకోవాలంటే చాలా తెలివి ఉండాలనే భయం మన పల్లె కుటుంబాలలో ఉన్నది. గెలవడానికి తెలివి కావలసిందే గాని, నియమాలు నేర్చుకోవడానికి ఒక సాయంకాలమూ, ఓపికగా చెప్పే మనిషి ఒకరూ చాలు. ఇందులో పాచికలు లేవు, పందెం అక్కర లేదు. పేకాటతో దీనిని ఒకే గాట కట్టే పెద్దలు ఒకసారి పక్కన కూర్చుండి చూస్తే మంచిది. అయితే మన ఇళ్ళలో మరొక చిక్కు ఉన్నది. అది ముందుగా తెలియనందున ఆట మొదలైన పావుగంటకే తగవులు వస్తున్నాయి.

మన పెద్దలు అరుగుల మీద ఆడిన చదరంగం వేరు, ఈనాడు పిల్లలు బడిలో నేర్చుకొనేది వేరు. బల్ల ఒకటే, పావులు అవే, పేర్లు అవే. నియమాలు మాత్రం కొన్నిచోట్ల విడిపోయాయి.

ఒక ఊరిలో కూటం ముగిసిన తరువాత ఆ ఇంటి తాతగారు మనుమడితో ఆటకు కూర్చున్నారు. పిల్లవాడు మొదటి ఎత్తులోనే బంటును రెండు గళ్ళు ముందుకు జరిపాడు.

"ఒరేయ్, బంటు రెండడుగులు వేస్తుందా ఎక్కడైనా? ఒక్కటే!" అన్నారు ఆయన.

"మొదటిసారి వేయవచ్చు తాతయ్యా. మా సారు చెప్పారు."

"మీ సారు పుట్టకముందు నుంచి ఆడుతున్నాను నేను."

కొంత సేపటికి తాతగారు తన రాజును గుర్రంలాగా దూకించారు. "తొండి! తాతయ్య తొండి ఆడుతున్నాడు!" అని పిల్లవాడు లేచిపోయాడు. ఆయనకు నిజంగానే కోపం వచ్చింది. ఆ వయసులో మనుమడి నోట అంత మాట పడటం చిన్న సంగతి కాదు. ఇద్దరిలో ఎవరూ తొండి ఆడలేదు. ఎవరి ఆట వారు సరిగానే ఆడారు.

గనుక నియమాలు చెప్పేటప్పుడు రెండు ఆటల తేడా కూడ చెబుతాను.

బల్ల మీద అడ్డం ఎనిమిది, నిలువు ఎనిమిది, మొత్తం 64 గళ్ళు. ఎవరి కుడిచేతి వైపు మూలగడి వారికి తెల్లగా ఉండేటట్లు బల్ల వేసుకోవాలి. వెనుక వరుసలో రెండు కొసల ఏనుగులు, వాటి పక్కన గుర్రాలు, ఆ పక్కన శకట్లు, నడుమ మంత్రీ రాజూ. తెల్ల మంత్రి తెల్లగడిలో, నల్ల మంత్రి నల్లగడిలో నిలవాలి. ముందు వరుస అంతా బంట్లు. తెల్లపావుల వారు ముందు ఆడతారు.

ఏనుగు నిలువుగా గాని అడ్డంగా గాని ఎంత దూరమైనా పోతుంది. శకటు ఐమూలగా పోతుంది గనుక, నల్లగడిలో పుట్టిన శకటు ఆట ముగిసేదాకా నల్లగళ్ళలోనే తిరుగుతుంది. ఇంగ్లీషు వారు ఈ శకటునే బిషప్ అంటారు. "బిషప్ గారు తిన్నగా నడవరా?" అని సండేస్కూలు పిల్ల ఒకతె అడిగినప్పుడు నవ్వాపుకోవడం కష్టమయింది. మంత్రికి ఏనుగు నడకా శకటు నడకా రెండూ ఉన్నాయి. పూర్వం ఇంత బలం లేదు, ఐమూలగా ఒక్క గడే కదిలేవాడు. సుమారు 1500 నాటికి ఐరోపాలో ఆ పావుకు ఈ బలం ఇచ్చారు. రాజు ఏ వైపుకైనా ఒక్క గడి. గుర్రం రెండు గళ్ళు తిన్నగా పోయి, ఒక గడి పక్కకు తిరుగుతుంది. మధ్యలో ఎవరున్నా దూకగలిగినది అదొక్కటే.

చిక్కంతా బంటు దగ్గర ఉన్నది. బంటు ముందుకే నడుస్తుంది, వెనుకకు రాదు. నడిచేది తిన్నగా, చంపేది మాత్రం ముందున్న ఐమూల గడిలో. తాతగారి ఆటలో ఎప్పుడూ ఒక్క అడుగే. నేటి ఆటలో బయలుదేరిన చోటనుండి మొదటిసారి రెండు గళ్ళు పోవచ్చు. దీనివలన మరొక నియమం పుట్టింది. మీ బంటు రెండు గళ్ళు దూకి నా బంటు పక్కన నిలిచిందనుకోండి. ఒక్క గడే నడిచి ఉంటే నా బంటుకు దొరికేది. గనుక అది ఒక్క గడే నడిచినట్లు లెక్కించి, ఆ వెంటనే వచ్చే ఎత్తులో నేను దానిని చంపవచ్చు. ఆ ఎత్తు దాటితే హక్కు పోయింది. కొత్తవారు దీనిని రెండవ వారం నేర్చుకొన్నా నష్టం లేదు.

అవతలి కొసకు చేరిన బంటు నేటి ఆటలో మంత్రి, ఏనుగు, శకటు, గుర్రం వీటిలో కోరినది అవుతుంది. మీ మంత్రి బల్ల మీదనే ఉన్నా రెండవ మంత్రిని తెచ్చుకోవచ్చు. పాత ఆటలో చాలాచోట్ల, బంటు చేరిన గడి ఏ పావు స్థానమైతే ఆ పావే అవుతుంది. గుర్రం గడికి చేరితే గుర్రమే.

ఇక రాజు. పాత ఆటలో, తనకు దెబ్బ తగలక ముందు, రాజు ఒక్కసారి గుర్రంలాగా దూకవచ్చు. మన తాతగారు చేసినది ఇదే. నేటి ఆటలో ఆ దూకుడు లేదు, దానికి బదులు కోట కట్టుకోవడం ఉన్నది. రాజు ఏనుగు వైపు రెండు గళ్ళు జరిగితే, ఏనుగు అతనిని దాటి అవతలి పక్కన నిలుస్తుంది. ఆ రాజూ ఆ ఏనుగూ అంతకుముందు కదిలి ఉండకూడదు, మధ్యన పావులు ఉండకూడదు. రాజు అప్పుడు చెక్‌లో ఉండకూడదు, దెబ్బ తగిలే గడి మీదుగా పోకూడదు, అటువంటి గడిలో నిలవకూడదు.

చెక్ వచ్చినప్పుడు దారులు మూడే: తప్పుకోవడం, అడ్డం పెట్టడం, చెక్ ఇచ్చిన పావును చంపడం. మూడూ లేకపోతే ఆటకట్టు. రాజుకు చెక్ లేకుండా, తన ఎత్తు వచ్చినప్పుడు ఏ పావునూ కదపడానికి వీలులేకపోతే అది గెలుపు కాదు, ఆట సమానం. బలమంతా చేతిలో ఉండి కూడ కొత్తవారు గెలుపు పోగొట్టుకొనేది ఇక్కడే.

పాత ఆట తెలిసినవారు కొత్తది నేర్వలేరని ఎవరైనా అంటే, మీర్ సుల్తాన్ ఖాన్ సంగతి చెప్పండి. 1903లో పంజాబులో పుట్టిన ఈయన తండ్రి దగ్గర నేర్చుకొన్నది మన దేశపు ఆటే. సర్ ఉమర్ హయత్ ఖాన్ ఆశ్రయంలో చేరిన తరువాత ఐరోపా నియమాలు నేర్చుకొన్నాడు. 1929లో ఇంగ్లండు వెళ్ళి ఆ ఏడే బ్రిటిష్ ఛాంపియన్ అయ్యాడు. 1932లో, 1933లో మళ్ళీ గెలిచాడు. అంతకుముందు ప్రపంచ ఛాంపియన్‌గా ఉన్న కాపబ్లాంకాను 1930 డిసెంబరులో మొదలైన హేస్టింగ్స్ పోటీలో ఓడించాడు. ఆట ఆరంభంలో ఆయన తడబడేవాడట. బంట్లు ఒక్కొక్క అడుగే వేసే నిదానపు ఆటలో పెరిగినవానికి అది సహజమే. ఆయన 1966లో చనిపోయాడు. గ్రాండ్‌మాస్టర్ బిరుదు 2024లో గాని రాలేదు.

ఇంటిలో నేర్పడమే గొప్ప సంగతి. విశ్వనాథన్ ఆనంద్‌కు ఆట నేర్పినది తల్లి. గుడివాడలో పుట్టిన కోనేరు హంపికి నేర్పినది తండ్రి. ఆమె 2002లో, 15 ఏళ్ళ వయసులో గ్రాండ్‌మాస్టర్ అయింది.

బల్ల కొనలేనివారు అట్టమీద గళ్ళు గీసి, సోడా మూతల మీద పేర్లు అంటించుకోవచ్చు. పావు ఎత్తకముందే "ఈ రోజు ఎవరి ఆట?" అని అడుగుకోండి. తాతగారి ఆట అయితే మనుమడు ఆయన నియమాలకు లోబడాలి, బడి ఆట అయితే తాతగారు లోబడాలి. ముట్టిన పావునే కదపాలన్న నియమం మాత్రం మొదటి రోజునుండి పెట్టండి. లేకపోతే పిల్లలు ఎత్తు వేసి తీసి, వేసి తీసి, పక్కవాని ఓపిక చంపుతారు.

మొదటి రోజు బంట్లు మాత్రమే పెట్టి ఆడించండి, ఎవరి బంటు ముందు కొసకు చేరితే వారిది గెలుపు. తరువాత రోజుకొక పావు కలపండి. అన్నీ వచ్చాక రెండు ఏనుగులతో ఒంటరి రాజును పట్టడం నేర్పండి. ఒక ఏనుగు ఒక అడ్డవరుసను కాపలా కాస్తుంది, రెండవది రాజు ఉన్న వరుసలోకి వచ్చి చెక్ ఇస్తుంది. రాజు ఒక వరుస వెనుకకు పోక తప్పదు. అప్పుడు మొదటి ఏనుగు ఆ కొత్త వరుసలోకి వచ్చి చెక్ ఇస్తుంది. ఇట్లు మెట్టు మెట్టుగా అంచుకు తోసుకుపోవాలి. రాజు ఏనుగును పట్టుకోవడానికి దగ్గరకు వస్తే, దానిని అదే వరుసలో రెండవ కొసకు దూరంగా జరపండి.