తొలి మోటార్‌సైకిల్ కొనే ముందు: సీసీ అంకెకు ఆవల చూడవలసిన విషయాలు

మన దేశంలో గేర్లున్న మోటార్‌సైకిల్ నడపడానికి ఇచ్చే లైసెన్సు ఒక్కటే. 100 సీసీ బండిపై పరీక్షలో నెగ్గిన 18 ఏళ్ల యువకుడు మరునాడే 400 సీసీ బండిని, ఆ మాటకొస్తే 1000 సీసీ బండిని కూడా చట్టబద్ధంగా రోడ్డెక్కించవచ్చు. 1988 నాటి మోటారు వాహనాల చట్టం మోటార్‌సైకిళ్లను గేర్లు లేనివి, గేర్లున్నవి అని రెండు తరగతులుగానే చూస్తుంది. ఇంజిన్ శక్తిని బట్టి అనుభవానికి మెట్లు కట్టలేదు.

ఐరోపా సమాఖ్య దేశాల్లో పద్ధతి వేరు. అక్కడ లైసెన్సులు ఏ1, ఏ2, ఏ అని మూడంచెలుగా ఉంటాయి. మొదటిది 125 సీసీ, 11 కిలోవాట్ల పరిమితికి లోబడినది. రెండవది 35 కిలోవాట్ల వరకు అనుమతిస్తుంది. పరిమితి లేని మూడవ అంచెకు చేరాలంటే ఏ2పై కనీసం రెండేళ్ల అనుభవం ఉండాలి, లేదా 24 ఏళ్లు నిండాలి. అక్కడ చట్టం వేసే ఈ కళ్లెాన్ని ఇక్కడ కొనుగోలుదారు, అతని కుటుంబం తమకు తామే వేసుకోవలసి ఉంటుంది. తొలి బండి ఎంపికకు ఇంత ప్రాధాన్యం రావడానికి అసలు కారణం ఇదే.

ఈ నిర్ణయం వెనుక ప్రాణాల ప్రశ్న ఉంది. కేంద్ర రోడ్డు రవాణా, రహదారుల మంత్రిత్వ శాఖ నివేదిక ప్రకారం 2022లో దేశవ్యాప్తంగా రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది మరణించారు. వారిలో 74,897 మంది, అంటే 44.5 శాతం, ద్విచక్ర వాహనాలపై ప్రయాణిస్తున్నవారే.

సీసీ చెప్పేది కొంతే

షోరూముకు వెళ్లిన కొత్తవారు సాధారణంగా అడిగే మొదటి ప్రశ్న ‘ఎన్ని సీసీ?’ అన్నది. ఇంజిన్ సిలిండరులో పిస్టన్ కదలిక ఆక్రమించే ఘన పరిమాణాన్నే సీసీ సూచిస్తుంది. ఆ పరిమాణం నుంచి ఎంత శక్తి పుడుతుందన్నది ఇంజిన్ రూపకల్పనను బట్టి మారుతుంది. కాబట్టి రెండు బండ్లను కేవలం సీసీతో పోల్చడం తప్పుదారి పట్టిస్తుంది.

కొన్ని ఉదాహరణలు చూద్దాం. హీరో స్ప్లెండర్ ప్లస్ 97.2 సీసీ ఇంజిన్ సుమారు 8 హార్స్‌పవర్ ఇస్తుంది. బండి బరువు 112 కిలోలు. రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350 శక్తి సుమారు 20 హార్స్‌పవర్, బరువు 195 కిలోలు. యమహా ఆర్15 ఇంజిన్ కేవలం 155 సీసీ అయినా 18 హార్స్‌పవర్ పైచిలుకు ఇస్తుంది. బరువు మాత్రం సుమారు 140 కిలోలే. ఇక 399 సీసీ కేటీఎం 390 డ్యూక్ దాదాపు 46 హార్స్‌పవర్ ఇస్తుంది. బరువు సుమారు 168 కిలోలు.

క్లాసిక్‌కూ, డ్యూక్‌కూ మధ్య సీసీలో తేడా 50 మాత్రమే. శక్తిలో తేడా రెట్టింపుకు మించి ఉంది. పైగా శక్తి ఎక్కువగా ఉన్న డ్యూకే తేలికైన బండి. టన్ను బరువుకు లెక్కగడితే స్ప్లెండర్‌కు దాదాపు 71, క్లాసిక్‌కు 104, ఆర్15కు 130, డ్యూక్‌కు 270కి పైగా హార్స్‌పవర్ వస్తుంది. యాక్సిలరేటర్ తిప్పగానే బండి ఎంత ఉరుకుతుందో ఈ నిష్పత్తి చెబుతుంది. చేతి మణికట్టు ఇంకా అదుపులోకి రాని కొత్త రైడరుకు సీసీ కన్నా ఈ లెక్కే ముఖ్యం.

వేగం పెరిగినకొద్దీ పొరపాటును దిద్దుకునే వ్యవధి తగ్గిపోతుంది. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వెళ్లే బండి ఒక్క సెకనులో దాదాపు 17 మీటర్లు కదులుతుంది. ప్రమాదాన్ని గమనించి, బ్రేకు మీద చెయ్యి పడేలోపే అంత దూరం గడిచిపోతుంది. 40 నుంచి 60కి వేగం ఒకటిన్నర రెట్లు పెరిగితే, బండిని ఆపడానికి బ్రేకులు హరించవలసిన శక్తి రెండుంపావు రెట్లు అవుతుంది. అందువల్ల తొలి బండి రైడరు చిన్న తప్పులను మన్నించేదిగా ఉండాలి.

కాలు నేలకు ఆనుతున్నదా?

కొత్తవారి చేతిలో బండి పడిపోయేది ఎక్కువగా వేగంలో కాదు. సిగ్నల్ వద్ద, యూ టర్నులో, పార్కింగులో వెనక్కి తీసేటప్పుడు. అక్కడ పరీక్షకు నిలిచేవి సీటు ఎత్తు, బరువు. స్ప్లెండర్ సీటు ఎత్తు 785 మిల్లీమీటర్లు, క్లాసిక్ 350 సీటు 805 మిల్లీమీటర్లు, ఆర్15 సీటు 815 మిల్లీమీటర్లు. ఎత్తు ఒక్కటే చూస్తే చాలదు. సీటు వెడల్పుగా ఉంటే తొడలు ఎడమై, అదే ఎత్తు నుంచి కాలు నేలకు అందడం కష్టమవుతుంది.

షోరూములో బండిపై కూర్చున్నప్పుడు రెండు పాదాలూ పూర్తిగా, లేదా కనీసం మునివేళ్ల వెనుక భాగం వరకు నేలకు ఆనాలి. రోడ్డు ఎప్పుడూ సమతలంగా ఉండదు. వాలున్న చోట కాలు మరో రెండంగుళాలు కిందికి చాపవలసి వస్తుంది. ఇంజిన్ ఆపి బండిని పది అడుగులు ముందుకు, వెనక్కు తోసి చూడాలి. సెంటర్ స్టాండ్ ఉంటే దానిపైకి ఎక్కించి దించాలి. క్లచ్ లివరును వరుసగా ఇరవై సార్లు నొక్కి వదలాలి. నగర రద్దీలో గంటసేపు క్లచ్ పట్టవలసిన ఎడమ చేతికి ఆ కొద్దిపాటి పరీక్షలోనే నిజం తెలిసిపోతుంది.

వెనుక కూర్చునేవారినీ మరువకూడదు. మన దేశంలో మోటార్‌సైకిల్ ఎక్కువ ఇళ్లలో కుటుంబ వాహనం. వెనుక సీటులో ఒకరు కూర్చోగానే బండి బ్రేకు పడే దూరం, మలుపు తిరిగే తీరు మారిపోతాయి. పట్టుకోవడానికి పిడి, కాళ్లు పెట్టుకునే ఆనుకోళ్లు, చక్రంలో చీర, చున్నీ చిక్కుకోకుండా అడ్డు ఉండాలని కేంద్ర మోటారు వాహన నిబంధనలు నిర్దేశిస్తున్నాయి. అందం కోసం వాటిని తీసివేయించడం ప్రమాదకరం.

బ్రేకుల్లో తేడా

2019 ఏప్రిల్ 1 నుంచి 125 సీసీ దాటిన ద్విచక్ర వాహనాలకు యాంటీ లాక్ బ్రేకింగ్ వ్యవస్థను, అంటే ఏబీఎస్‌ను తప్పనిసరి చేశారు. 125 సీసీ, అంతకు లోపు బండ్లకు ఏబీఎస్ గానీ, సీబీఎస్ అనే ఉమ్మడి బ్రేకు వ్యవస్థ గానీ ఉంటే చాలునన్నారు.

ఈ రెండూ ఒకటి కావు. సీబీఎస్‌లో వెనుక బ్రేకు నొక్కితే ముందు బ్రేకు కూడా కొంత పడుతుంది. వెనుక బ్రేకునే నమ్ముకునే అలవాటున్నవారికి ఇది మేలు చేస్తుంది. కానీ చక్రం పూర్తిగా బిగిసిపోవడాన్ని అది ఆపలేదు. ఏబీఎస్ ఆ పని చేస్తుంది. తడి రోడ్డుపైనో, ఇసుక మీదనో బ్రేకు గట్టిగా పడి చక్రం బిగిసిపోబోతుండగా, దాన్ని గుర్తించి బ్రేకు ఒత్తిడిని క్షణకాలం సడలించి మళ్లీ పెంచుతుంది. ఒక్క ముందు చక్రానికే ఉంటే సింగిల్ చానల్ అనీ, రెండింటికీ ఉంటే డ్యూయల్ చానల్ అనీ వ్యవహరిస్తారు. ఒకే మోడల్‌లో ఏబీఎస్ ఉన్న రకం, లేని రకం రెండూ దొరికితే, రంగులకో స్టిక్కర్లకో పెట్టే డబ్బును ఏబీఎస్‌కు మళ్లించడం వివేకం.

అయితే ఏబీఎస్ భౌతిక సూత్రాలను మార్చలేదు. కంకర, బురద మీద ఆగే దూరం ఎక్కువగానే ఉంటుంది. బ్రేకు పడ్డప్పుడు బరువంతా ముందుకు ఒరుగుతుంది కనుక బండిని ఆపడంలో పెద్ద వాటా ముందు బ్రేకుదే. దాన్ని భయపడి వదిలేయకుండా మెల్లగా బిగించడం ఖాళీ మైదానంలో సాధన చేయాలి.

ఏ అవసరానికి ఏ తరగతి?

రోజూ ముప్పై కిలోమీటర్లలోపు పట్టణ ప్రయాణం, పొదుపు ప్రధానమైతే 100 నుంచి 110 సీసీ తరగతి సరిపోతుంది. హోండా షైన్ 100 బరువు 99 కిలోలే; సన్నటి దేహం గలవారికి అదుపు చేయడం సులువు. తరచుగా ఇద్దరు ప్రయాణించేవారికి, పైవంతెనలు, ఎత్తుపల్లాలు ఉన్న దారిలో వెళ్లేవారికి హోండా షైన్, టీవీఎస్ రైడర్ వంటి 125 సీసీ బండ్లు అనువైనవి. కొత్తవారిలో ఎక్కువ మందికి మధ్యేమార్గం ఇదే.

జిల్లా కేంద్రాల మధ్య రహదారి ప్రయాణం తరచుగా ఉంటే యమహా ఎఫ్‌జెడ్, టీవీఎస్ అపాచీ ఆర్‌టీఆర్ 160, హోండా యూనికార్న్ వంటి 150 నుంచి 160 సీసీ బండ్లు పరిశీలించవచ్చు. బస్సునో లారీనో దాటడానికి అవసరమైన శక్తి వీటికి ఉంటుంది. ఏబీఎస్ కూడా తప్పక ఉంటుంది. 350 సీసీ రాయల్ ఎన్‌ఫీల్డ్ బండ్ల శక్తి కొత్తవారిని బెదిరించేంతది కాకపోయినా, వాటి బరువే పరీక్ష. అందులోనూ హంటర్ 350 సుమారు 181 కిలోలతో క్లాసిక్ కన్నా తేలిక. ఇక 390 డ్యూక్ తరహా బండ్లను కనీసం ఏడాది రెండేళ్ల అనుభవం తరువాతకు వాయిదా వేయడం మంచిది.

ధర ఒకటి, ఖర్చు మరొకటి

ప్రకటనల్లో కనిపించేది ఎక్స్-షోరూమ్ ధర. దానికి జీవితకాల పన్ను, రిజిస్ట్రేషన్ రుసుము, బీమా కలిస్తేనే ఆన్-రోడ్ ధర తేలుతుంది. జీవితకాల పన్ను రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ వరకు గల ద్విచక్ర వాహనాలపై జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది; అంతకు మించిన వాటిపై 40 శాతమైంది. కాబట్టి 350 సీసీ గీత ఇప్పుడు జేబుకు సంబంధించిన గీత కూడా.

బీమాలోనూ ఇలాంటి గీతలున్నాయి. 2022 జూన్ నుంచి అమల్లోకి వచ్చిన పట్టిక ప్రకారం ఏడాది థర్డ్ పార్టీ ప్రీమియం 75 నుంచి 150 సీసీ వరకు 714 రూపాయలు, 150 నుంచి 350 సీసీ వరకు 1,366 రూపాయలు, ఆపైన 2,804 రూపాయలు. కొత్త ద్విచక్ర వాహనానికి థర్డ్ పార్టీ బీమాను ఐదేళ్లకు ఒకేసారి తీసుకోవలసి ఉంటుంది.

ఇంధనం లెక్క సులభమే. ఏడాదికి 12,000 కిలోమీటర్లు తిరిగే వ్యక్తికి లీటరుకు 60 కిలోమీటర్లు ఇచ్చే బండిపై 200 లీటర్లు అవసరం. 35 కిలోమీటర్లే ఇచ్చే బండికి దాదాపు 343 లీటర్లు కావాలి. లీటరు 105 రూపాయలనుకుంటే ఖర్చు 21,000 నుంచి దాదాపు 36,000 రూపాయలకు పెరుగుతుంది.

అప్పు తీసుకునేవారు ‘ఫ్లాట్’ వడ్డీ అనే మాట వద్ద ఆగాలి. లక్ష రూపాయలను 10 శాతం ఫ్లాట్ వడ్డీకి మూడేళ్లకు తీసుకుంటే నెలకు సుమారు 3,611 రూపాయల వాయిదా పడుతుంది. అసలు నెలనెలా తగ్గుతున్నా వడ్డీ మాత్రం మొత్తం లక్షపైనే లెక్కిస్తారు. తగ్గే అసలుపై లెక్కగడితే అది దాదాపు 18 శాతం వడ్డీతో సమానం.

పాత బండి కొంటే

నేర్చుకునే దశలో బండి ఒకటి రెండుసార్లైనా కింద పడే అవకాశం ఉంది. ఆ దృష్టితో చూస్తే మంచి స్థితిలో ఉన్న పాత బండి తెలివైన ఎంపికే. ఇంజిన్ నంబరు, ఛాసిస్ నంబరు ఆర్‌సీతో సరిపోవాలి. పరివాహన్ పోర్టల్‌లో బీమా గడువు, అప్పు వివరాలు సరిచూడాలి. పాత అప్పు తీరినా ఆర్‌సీలో రుణసంస్థ పేరు మిగిలి ఉంటే ఫారం 35 ద్వారా తొలగింపజేయాలి. యాజమాన్య మార్పిడికి ఫారం 29, 30 కావాలి. వేరే రాష్ట్రపు బండి అయితే నిరభ్యంతర పత్రం కూడా అవసరం. పేరు మారేదాకా చలానైనా, ప్రమాద బాధ్యతైనా పాత యజమాని చుట్టూ తిరుగుతుంది. కొన్నవారికి బీమా సొమ్ము చిక్కుల్లో పడుతుంది.

బండితో పాటే హెల్మెట్, లైసెన్సు

2022లో హెల్మెట్ లేక మరణించినవారు 50,029 మంది అని అదే ప్రభుత్వ నివేదిక పేర్కొంది. వారిలో 14,337 మంది వెనుక కూర్చున్నవారు. అందువల్ల బడ్జెట్‌లో రెండు హెల్మెట్ల ధరను ముందే పక్కన పెట్టాలి. 2021 జూన్ 1 నుంచి ఐఎస్ 4151 ప్రమాణం, ఐఎస్‌ఐ ముద్ర లేని ద్విచక్ర వాహన హెల్మెట్ల అమ్మకం నిషిద్ధం. తల ఊపినా కదలని కొలత ఎంచుకుని, గడ్డం కింద పట్టీ బిగిస్తేనే దాని ప్రయోజనం నెరవేరుతుంది. హెల్మెట్ లేకుండా నడిపితే 1,000 రూపాయల జరిమానాతో పాటు మూడు నెలలు లైసెన్సుకు అనర్హత విధించే వీలుంది.

లెర్నర్ లైసెన్సు ఆరు నెలలు చెల్లుతుంది. అది పొందిన 30 రోజుల తరువాత శాశ్వత లైసెన్సు పరీక్షకు వెళ్లవచ్చు. లైసెన్సు లేకుండా నడిపితే 5,000 రూపాయల జరిమానా. మైనరు బండి నడిపి పట్టుబడితే 2019 సవరణ ప్రకారం తల్లిదండ్రులకు లేదా వాహన యజమానికి మూడేళ్ల వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా పడవచ్చు. ఆ వాహనం రిజిస్ట్రేషన్ ఏడాదిపాటు రద్దవుతుంది. ఆ మైనరుకు 25 ఏళ్లు నిండేదాకా లైసెన్సు దక్కదు. ఇంటర్ పాసైన కానుకగా బండి కొనిచ్చే పెద్దలు ముందుగా చూడవలసింది పిల్లవాడి వయసును, ఆ తరువాతే మోడల్‌ను.

కొనుగోలు ఖాయం చేసే ముందు కనీసం మూడు మోడళ్లను, వీలైతే రద్దీ ఉన్న దారిలో నడిపి చూడాలి. అమ్మకందారు ఒత్తిడి చేసినా అదే రోజు బయానా ఇవ్వకుండా ఒక రాత్రి ఆగడం మేలు. కొన్న తరువాత మొదటి నెల రోజులు రాత్రి ప్రయాణాలు, వర్షంలో ప్రయాణాలు, వెనుక మరొకరిని ఎక్కించుకోవడం మానుకుంటే బండి స్వభావం నిదానంగా అర్థమవుతుంది. రెండేళ్ల తరువాత పెద్ద బండికి మారాలన్న కోరిక కలిగితే, ఆనాటికి ఆ కోరికకు తగిన చేయి కూడా తయారై ఉంటుంది.