వార్తల్లో పదం: ప్రోత్సాహక వేతనం

కంపెనీ పెద్దలకు జీతంతోపాటు లక్ష్యాలు చేరినందుకు ఇచ్చే బోనస్‌, షేర్లే ప్రోత్సాహక వేతనం. చిక్కంతా ఆ లక్ష్యం ఏమిటన్న దగ్గరే వస్తుంది. లాడ్ బజార్‌లో లక్క గాజులకు జతకింత అని కూలి కడితే చేయి వేగం పుంజుకుంటుంది. రాయి గట్టిగా అతుక్కుందో లేదో చూసే తీరిక తగ్గుతుంది. గాజుకైతే రాయి రాలుతుంది, అంతే.

విమానం సంగతి వేరు. 2018 అక్టోబరు, 2019 మార్చిలలో రెండు బోయింగ్ 737 మ్యాక్స్‌లు కూలి 346 మంది చనిపోయారు. ఉత్పత్తి వేగం, ఖర్చుల కోత ఒత్తిడి భద్రతను దెబ్బతీశాయని అమెరికా ప్రతినిధుల సభ కమిటీ 2020లో తేల్చింది. 2013 నుంచి 2019 తొలినాళ్ల దాకా బోయింగ్ కంపెనీ సొంత షేర్లను తిరిగి కొనడానికే సుమారు 4,300 కోట్ల డాలర్లు పెట్టింది. షేరు ధర పెరిగితే షేర్ల రూపంలో జీతం అందుకునే పెద్దలకూ లాభమే కదా! పదవి పోయిన సీఈవో డెనిస్ మ్యూలెన్‌బర్గ్‌కు షేర్లు, పెన్షన్ కలిపి 6 కోట్ల డాలర్లకు పైగా దక్కాయి.

2024 జనవరి 5న అలాస్కా ఎయిర్‌లైన్స్ విమానం గాల్లో ఉండగా తలుపు స్థానంలోని ప్యానెల్ ఊడిపోయింది. దాన్ని పట్టి ఉంచాల్సిన నాలుగు బోల్టులూ లేవు. ఆ తర్వాతే బోయింగ్ వాణిజ్య విమానాల విభాగం వార్షిక బోనస్‌లో 60 శాతాన్ని భద్రత, నాణ్యతలకు ముడిపెట్టింది. అంతకుముందు 75 శాతం ఆర్థిక లక్ష్యాలకే.

737 తోకపై నిలువు రెక్కలు మన ఆదిభట్లలోని టాటా బోయింగ్ కర్మాగారంలోనూ తయారవుతున్నాయి. కాబట్టి ఇది మనకు దూరపు సంగతి కాదు. మన విమాన సంస్థల్లో పెద్దల బోనస్‌ను ఏ లెక్కన కడుతున్నారో, అందులో భద్రత వాటా ఎంతో షేరుదారులు అడగాలి.